జూరాకాన్ ఇంటి పొగ

మా ఊళ్ళో మనిషి ఇల్లు విడిచి వెళ్ళడానికి ఒప్పుకునే కారణాలు కొన్నే ఉన్నాయి. ఎవరైనా పోవాలి. ఎవరికైనా పెళ్ళి కావాలి. కూతురు నీళ్ళాడాలి. లేదా ఆపరేషన్ కావాలి, అదీ కడుపు కోసేంతటిది. కంటి ఆపరేషన్‌కి వెళ్తే "ఆ మాత్రం దానికి బిష్కెక్ దాకానా?" అంటారు. కిందటి అక్టోబరులో మా పక్కింటి జూరాకాన్ వదిన ఇవేవీ లేకుండానే, చలికాలమంతా రాజధాని బిష్కెక్‌లో చెల్లెలింట్లో ఉంటానని ప్రకటించింది. ఎందుకని అడిగితే "అక్కడ వెచ్చగా ఉంటుంది" అంది.

ఊరు ముక్కున వేలేసుకుంది. వెచ్చదనం కోసం ఇల్లు మూసి వెళ్ళే ఆడదాన్ని ఆత్-బాషీ లోయలో అంతవరకూ ఎవరూ చూడలేదు. ఇక్కడ జనవరిలో ఉమ్మితే నేలమీద పడేలోగా గడ్డకడుతుందని మగవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. బొగ్గు మోసేదీ, బూడిద ఎత్తేదీ, తెల్లారగట్ల లేచి పొయ్యి రాజేసేదీ ఆడవాళ్ళు కాబట్టి, మా మగవాళ్ళకి చలి అంటే మహా గౌరవం.

అసలు గొడవంతా ఒక మాటలో ఉంది. మేము ఇళ్ళని ఇళ్ళుగా లెక్కపెట్టం, పొగలుగా లెక్కపెడతాం. "మీ ఊళ్ళో ఎన్ని పొగలు?" అని అడుగుతారు. ఎవరినైనా కసితీరా తిట్టాలంటే "నీ పొగ ఆరిపోను" అంటాం. అంతకు మించిన తిట్టు మా దగ్గర లేదు. అలాంటి ఊళ్ళో, పిల్లల్లేని ఒక విధవరాలు తన ఇంటి పొగని తన చేతులతోనే ఆర్పేసి, సంచీ సర్దుకుని, వెచ్చగా ఉంటుందని వెళ్ళిపోతానంటే ఎవరూరుకుంటారు?

ఊరుకోనివాళ్ళలో మొదటివాడు ఆమె బావగారు, అంటే చనిపోయిన భర్త జుమాదిల్‌కి అన్నగారు. ఆయన పేరు తొక్తోబెక్. మా భాషలో "తొక్తో" అంటే "ఆగు". వాళ్ళమ్మకి అంతకుముందు పుట్టినవాళ్ళెవరూ నిలవలేదు. వీడైనా వెళ్ళిపోకుండా ఆగాలని ఆ పేరు పెట్టుకుంది. ఆయన ఆగాడు. డెబ్భై దాటినా గట్టిగానే ఆగి ఉన్నాడు. చెవులు మాత్రం కొంచెం ముందే వెళ్ళిపోయాయి.

మా ఊరి కోడళ్ళు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. పేరే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా పలకకూడదు. బావగారి పేరులో ఏ కొండో, ఉక్కో ఉన్న కోడళ్ళు ఆ మాటల్లేకుండా హాయిగానే కాపురం చేసుకుంటారు. "ఆగు" అనే మాట లేకుండా బతకడం ఎంత కష్టమో జూరాకాన్ వదినని వ్యాను ఎక్కిస్తే తెలుస్తుంది. మా వ్యాన్లలో దిగాలంటే "ఆగు" అని కేకెయ్యాలి. ఆమె మర్యాదగా "బాబూ, మా ఇల్లొచ్చింది" అంటుంది. "సంతోషం పిన్నీ" అంటాడు డ్రైవరు, బండి పోనిస్తూనే. అలా మసీదు దాకా వెళ్ళి, అక్కడ దిగేవాళ్ళతో పాటు దిగి, సంచులు మోసుకుంటూ వెనక్కి నడిచొచ్చిన రోజులు ఆమె జీవితంలో చాలా ఉన్నాయి. ఆవుకి ఒక మాట, పిల్లలకి ఒక మాట, కుక్కకి ఒక మాట వేరేగా కనిపెట్టుకుంది. నేనీ ఊరి ఆడపడుచుని. కాపురం మూణ్ణాళ్ళ ముచ్చటై పుట్టింటికొచ్చి కొట్టు పెట్టుకున్నదాన్ని. నాకా బాధ లేదు. ఎవరి పేరైనా ఎంత గట్టిగానైనా పిలుస్తాను.

వదిన బడి వంటశాలలో చేసి రిటైరైంది. ఊళ్ళో సగంమంది ఆమె గంజి తాగి పెరిగినవాళ్ళే, ఆ గంజిలో ఉండల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. గట్టి మనిషి, పెద్ద చేతులు, నవ్వకుండా నవ్వించే నోరు. జుమాదిల్ అన్న పోయాక ఒంటరిగానే ఉంటోంది. ఆ ఇల్లు వాళ్ళిద్దరూ కట్టుకున్నది. ఇంట్లోకి నీళ్ళూ, లోపలే స్నానాల గదీ, పొయ్యికి ఆనించి బాయిలరూ, దానిపైన నీళ్ళు పోసే టాంకూ, ప్రతి గదిలో కిటికీ కింద రేడియేటరూ పెట్టించుకున్నారు. బొగ్గు వేస్తే బాయిలర్లో నీళ్ళు మరిగి గొట్టాల్లో తిరుగుతాయి, ఇల్లంతా వెచ్చబడుతుంది. బొగ్గు వెయ్యకపోతే అవే నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుముని వేరుశనక్కాయ ఒలిచినట్టు ఒలిచేస్తాయి.

ఈ సంగతి వదినకి ఎవరూ పాఠం చెప్పలేదు. అంతకుముందు చలికాలం బంధువుల పెళ్ళికని వెళ్ళి, మంచుకి కనుమ దారి మూసుకుపోయి నార్యిన్ పట్నంలోనే చిక్కుకుపోయింది. ఇల్లు బావగారికి అప్పజెప్పి వెళ్ళింది. ఆయన మొదటి సాయంత్రం పొయ్యి భేషుగ్గా రాజేశాడు. పొగ లేచింది, ఊరంతా చూసింది, ఆయన తృప్తిగా ఇంటికెళ్ళి పడుకున్నాడు. మర్నాటి పొగ సంగతి మర్నాడు చూద్దామనుకున్నాడు. మర్నాడు గొర్రె ఈనింది. వదిన తిరిగొచ్చేసరికి మూడు గదుల రేడియేటర్లు పగిలి, నేలమీద అద్దంలా మంచు పరుచుకుని ఉంది. "చైనా సరుకు మరి" అన్నాడు ఆయన. వదిన దూడని అమ్మి కొత్తవి వేయించుకుంది.

అప్పుడే బావగారి భార్య సాలియ్‌కా పెద్దమ్మ ఒక మాట అనేసింది. "ఇంత చాకిరీ ఒంటరి ఆడదానికెందుకు జూరా? మా వెనక గది ఖాళీగానే ఉంది. ఇంకోసారి ఇలాగైతే వచ్చేసెయ్. ఆ ఇల్లు మా మనవడు చూసుకుంటాడు." మంచి మనసుతోనే అంది. మా ఊళ్ళో ఎవరి ఇల్లయినా మంచి మనసుతోనే పోతుంది. ఆ వెనక గది నేను చూశాను. కిటికీ పశువుల కొట్టంలోకి తెరుచుకుంటుంది. ఇంకోసారి గొట్టాలు పగిలితే అమ్మడానికి ఇంకో దూడ లేదు, వదిన ఆ గదిలోకి వెళ్ళాల్సిందే. ఇది ఆమెకి తెలుసు, నాకూ తెలుసు, పెద్దమ్మ మనవడికి ఇంకా బాగా తెలుసు.

కాబట్టి ఈసారి ఆమె సగం సగం పనులు పెట్టుకోలేదు. "ఇల్లు ఉంటే మనిషితో ఉండాలి బూబూ, లేకపోతే చుక్క నీళ్ళు లేకుండా ఉండాలి" అంది నాతో. "మధ్యలో ఎవరో వచ్చి కాస్త వెచ్చబెట్టి పోతానంటేనే కొంప మునుగుతుంది."

నవంబరు రాగానే మొదలుపెట్టింది. బావిలోంచి మోటారు పైకి తీయించింది. బాయిలర్ కింద కుళాయి విప్పి నీళ్ళన్నీ బకెట్లతో పట్టి పెరట్లో పారబోసింది. రేడియేటర్లలో మిగిలిన దాన్ని సైకిలు పంపుతో గాలి కొట్టి తోలింది. ఆ పంపు కొట్టడానికి నన్నే పిలిచింది, రెండు రోజులు నా భుజం నా మాట వినలేదు. కుళాయిలన్నీ తెరిచి వదిలింది. కడిగే తొట్టి కింద వంపు గొట్టంలో నీళ్ళు నిలుస్తాయని అక్కడ ఉప్పు కుమ్మరించింది. టీ నీళ్ళు కాచే సమోవార్ బోర్లించింది. సీసాల్లో జామూ, ఊరగాయలూ గడ్డకట్టి పగులుతాయని మా నేలమాళిగలోకి మోయించింది. పిండీ, బియ్యం ఊరికి పంచేసింది, ఎలకలకి వీసమెత్తు గింజ మిగల్లేదు. కంబళ్ళ మడతల్లో మాచిపత్రి రెమ్మలు పెట్టి మూట కట్టింది. పిల్లిని నాకిచ్చింది. అది నన్ను ఇప్పటికీ పనిమనిషిలాగే చూస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మా ఊళ్ళో ప్రయాణమయ్యే మనిషిని చూడ్డానికి వట్టి చేతులతో రాకూడదు, వచ్చిన మనిషిని వట్టి నోటితో పంపకూడదు. నీళ్ళు తీసేసిన ఇంట్లోకి జనం వరసకట్టారు. ఒకరు రొట్టెలు, ఒకరు వెన్న, ఒకరు గొర్రె తొడ. "దారిలో తింటావని" అంటారు. బిష్కెక్ అయిదారు గంటల దారి, ఆ తొడ తింటూ పోతే మాస్కో దాకా చాలు. వచ్చినవాళ్ళు కూర్చుంటారు. కూర్చుంటే టీ ఇవ్వాలి. టీకి నీళ్ళు కావాలి. ఆమె మా ఇంటినుంచి బకెట్టు తెచ్చి, అప్పుడే ఆర్పిన పొయ్యి మళ్ళీ వెలిగించి, బోర్లించిన సమోవార్ మళ్ళీ నిలబెట్టి టీ పోస్తుంది. వాళ్ళు తాగి, చుట్టూ చూసి, "అయ్యో, ఇల్లు ఎంత బోసిగా అయిపోయింది!" అని ఇంకో కప్పు అడుగుతారు. వాళ్ళు వెళ్ళగానే ఎలకలకి పనికొచ్చేవన్నీ మూటగట్టి నా కొట్టుకి పంపేస్తుంది. ఆ వారం నా వ్యాపారం బాగా సాగింది. ఒకావిడ తను ఇచ్చిన వెన్నే నా దగ్గర కొనుక్కుని, మంచి వెన్న అని మెచ్చుకుంది కూడా.

వ్యాను ఎక్కే ముందురోజు వదిన నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కింది. చిమ్నీ నోటిమీద పాత అల్యూమినియం బేసిను బోర్లించి, తీగతో బిగించి కట్టింది. మంచు పడకుండా, కాకులు దూరకుండా. అంతవరకూ ఆమె లోపల చేసినదంతా ఊరు భరించింది. బేసిను మాత్రం మసీదు మెట్లమీంచి కూడా కనబడుతుంది.

తొక్తోబెక్ పెదనాన్న వచ్చేశాడు. నేను అక్కడే ఉన్నాను. ఇలాంటి చోట నేను లేకుండా ఎప్పుడున్నాను?

"చిమ్నీ మీద అదేంటి?" అన్నాడు పెరట్లో నిలబడి.

"బేసిను బావగారూ."

"బేసినని నాకూ కనబడుతోంది. అది అక్కడెందుకుంది?"

"మంచు పడకుండానండి."

"ఊరంతా చూస్తోంది."

"చూడనివ్వండి. మంచి బేసినే. ఒక్క చిల్లు లేదు."

ఆయన టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసేది అదే. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. టోపీ తీసి పెట్టుకుంటాడు, ఎదుటివాళ్ళకి తల కొట్టేసినట్టవుతుంది.

"గురువారం సాయంత్రం నా తమ్ముడొస్తాడు" అన్నాడు. మా వాళ్ళ లెక్కలో చచ్చిపోయినవాళ్ళు గురువారం పొద్దువాలాక తమ ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు. వాళ్ళకోసం నూనె కాచి బోర్సోక్‌లనే పిండి ముక్కలు వేయిస్తాం. ఆ వాసన చాలు వాళ్ళకి. "వాడొచ్చి పైకి చూస్తాడు. పొగ ఉండదు. వాసన ఉండదు. చిమ్నీ మీద బేసిను ఉంటుంది. ఏమనుకుంటాడు జూరా? నా వాళ్ళెవరూ మిగల్లేదనుకోడూ?"

"బతికుండగా గురువారాలు ఆయన చీకటి పడకముందు ఇల్లు చేరిందెప్పుడు బావగారూ?" అంది వదిన. "ట్రాక్టరు షెడ్డులో పేకాటయ్యాకే కదా. ఇప్పుడు కొత్తగా టైముకొస్తారా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆయన వినలేదో, వినిపించుకోలేదో తెలీదు. "నేను చూసుకుంటాను" అన్నాడు. "ప్రతి గురువారం నేనొచ్చి పొగ పెడతాను. నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

"బావగారూ, లోపల నీళ్ళు లేవండి. బాయిలర్లో నీళ్ళు లేకుండా మంట పెడితే అది మాడిపోతుంది. నీళ్ళు పోసి మంట పెడితే, మీరు వెళ్ళాక గడ్డకట్టి పగులుతుంది. పెట్టకండి."

"ఆ, ఆ, పెడతాను" అన్నాడు ఆయన. "అదే చెప్తున్నా."

తాళం మార్చుకోమని నేను చెప్పాను. పాత తాళం చెవి ఒకటి ఆయన దగ్గరుంది, తమ్ముడు ఇచ్చినది. వదిన ఒప్పుకోలేదు. తాళం మార్చడమంటే బావగారి మొహం మీద తలుపు వెయ్యడమే. మర్నాడు పొద్దున్నే మూటలతో వ్యాను ఎక్కి, కిటికీలోంచి నాకేసి చూసి, "ఓ కన్ను వేసి ఉంచు" అంది. ఇంటికేసి మాత్రం చూడలేదు. ఏడుపొస్తుందని భయం. ఆమె ఏడవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు, చూపించే ఉద్దేశం ఆమెకి లేదు.

కొన్నాళ్ళు పెదనాన్న రాలేదు. ముందు ఆయనకి దగ్గు, తర్వాత గొర్రెల దొంగల పుకారు, ఆ తర్వాత ఒక చావు. ఈలోగా ఊరు ఆ బేసిను గురించి మాట్లాడి మాట్లాడి అలిసిపోయింది. బిష్కెక్‌నుంచి వదిన వీడియోలో కనబడి, చెల్లెలు కాలీమాన్ వంటింట్లో పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని కూర్చుని చూపించేది. "గొట్టాలు కాలిపోతున్నాయి బూబూ, కిటికీ తెరుచుకుని పడుకుంటున్నాం" అనేది. ఇక్కడ నేను కొట్లో రెండు స్వెట్టర్లమీద ఓవర్‌కోటు వేసుకుని వినేదాన్ని. ఇది కూడా ఒక రకం హింసే, దీనికి మా భాషలో ఇంకా పేరు పెట్టలేదు.

డిసెంబరు చివర్లో ఒక గురువారం మధ్యాహ్నం తొక్తోబెక్ పెదనాన్న నా కొట్టుకొచ్చి రెండు ఖాళీ బకెట్లు కింద పెట్టాడు.

"అమ్మాయ్, నీళ్ళు పట్టివ్వు."

గొర్రెలకేమో అనుకుని పట్టిచ్చాను. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. ఇచ్చాను. మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన మీసాలకి మంచు పట్టి ఉంది, మొహంలో పండగ కళ ఉంది.

"ఇన్ని నీళ్ళెందుకు పెదనాన్నా?" అని చెవిలో అరిచాను.

"తమ్ముడి పొగకి" అన్నాడు. "బేసిను తీసేశాను. కింది కుళాయి బిగించాను. పై టాంకులోంచి పోస్తున్నా. నీళ్ళు లేకుండా బాయిలర్ వెలిగించకూడదు తెలుసా? అమ్మాయిలకి ఇవి తెలీవు."

బయట అప్పటికే సున్నాకి పాతిక డిగ్రీలు కిందుంది. ఆయన బకెట్లు తీసుకుని కదిలేసరికి నేను ఫోను పట్టుకుని, కొట్టు తలుపు కూడా వెయ్యకుండా వెనకే పరిగెత్తాను. "పోయకు పెదనాన్నా, వదిన వద్దంది" అని అరుస్తూనే ఉన్నాను. ఆయన చెయ్యి ఊపి, "పర్లేదు, ఇంకా రెండు పడతాయి" అంటాడు. చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. తమ్ముడింట్లో తనని ఆపడానికి నేనెవరు? పొయ్యిలో అప్పటికే పుల్లలు పేర్చి ఉన్నాయి. పక్కన మూకుడూ, పెద్దమ్మ కలిపిచ్చిన పిండీ, అగ్గిపెట్టే. అన్నీ తెచ్చుకున్నాడు.

వదినకి ఫోను కలిపాను. "మీ బావగారు నీళ్ళు పోస్తున్నారు" అన్నాను. అవతల ఏదో పళ్ళెం పడ్డ చప్పుడు. ఫోను స్పీకరులో పెట్టి, బల్లెక్కి టాంకులోకి బకెట్టు ఎత్తుతున్న ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను.

"బావగారూ, నీళ్ళు పోయకండి!"

"ఆ, పోస్తున్నా, పోస్తున్నా" అన్నాడు ఆనందంగా. "నువ్వు బాగున్నావా జూరా?"

"వద్దండి! వద్దు!"

"ముద్దా? ముద్ద బాగానే కలిపింది మీ అక్క. బోర్సోక్‌లు వేయిస్తా."

"కాస్త నిదానించండి బావగారూ!"

"నిదానంగానే పోస్తున్నా. ఒక్క చుక్క కింద పడలేదు."

ఆయన చెవుల్లోకి పోయే దారిలో మా భాషలోని వద్దులూ, కాదులూ అన్నీ రాలిపోతున్నాయి. మిగతాది భద్రంగా చేరుతోంది. ఆమె దగ్గర మర్యాద ఉన్న మాటలన్నీ అయిపోయాయి. ఫోనులో ఆమె ఊపిరి వినబడుతోంది. ఆ కాసేపట్లో ఆమెకి వెనక గది కిటికీ కనబడిందో, ఆ పేరు పలకొద్దని నేర్పిన అత్తగారు కనబడిందో నాకు తెలీదు. బకెట్టు వంగింది.

"తొక్తో!"

ఆ కేకకి ఫోను నా చేతిలో అదిరింది. బడి వంటశాలలో రెండొందలమంది పిల్లల నోరు మూయించిన గొంతు అది. గారు లేదు, అండి లేదు, బెక్ కూడా లేదు. తలమీద ముసుగు కప్పుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి ఒక్కసారి కూడా ఆమె పెదవి దాటని మాట. ఆగమని చెప్పిందో, పేరు పెట్టి పిలిచిందో, రెండూనో.

పెదనాన్న ఆగిపోయాడు. బకెట్టు గాల్లో అలాగే ఉంది. ఆయన ఫోనుకేసి చూడలేదు. వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. బల్ల దిగి, బకెట్టు కింద పెట్టి, ఆ చల్లటి పొయ్యి అంచుమీద కూర్చున్నాడు.

అవతల వదిన ఏడుస్తోంది. అవును, ఏడుస్తోంది, నేను నా చెవులతో విన్నాను. "తప్పయిపోయింది బావగారూ, నా నోరు పడిపోను" అంటోంది.

ఆయన టోపీ తీశాడు. నేను భయపడ్డాను. మళ్ళీ పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మా అమ్మ పోయాక ఆ మాట నాతో ఎవరూ అనలేదమ్మాయ్" అన్నాడు నాతో. "తాతా అంటారు, పెదనాన్నా అంటారు. మీ పెద్దమ్మ 'ఇదిగో' అంటుంది. చిన్నప్పుడు చెరువు మంచుమీదకి పరిగెడుతుంటే మా అమ్మ ఒడ్డునుంచి ఇలాగే అరిచేది. నేను ఆగేవాణ్ణి. జుమాదిల్ గాడే ఆగేవాడు కాదు, ఎప్పుడూ."

నాకు ఆయన మీద అంతవరకూ ఉన్న కోపం ఎటు పోయిందో తెలీదు.

ఫోను తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు, చెవికి పెట్టుకోవడం మర్చిపోయి. "ఆగాను జూరా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

ఆమె చెప్పింది, నేను ఆయన చెవిలో అరిచాను. కింది కుళాయి విప్పాడు. అప్పటికే దాని మూతి బిగుసుకుపోతోంది. తన ఓవర్‌కోటు తీసి దానికి చుట్టి, రెండు చేతులతో పట్టుకుని వెచ్చబెట్టి విప్పాడు. పోసిన నీళ్ళన్నీ మళ్ళీ బకెట్లలోకి వచ్చాయి. సైకిలు పంపు కొట్టాడు, దగ్గుతూ, ఆగుతూ, మళ్ళీ కొడుతూ. నేను కొడతానంటే ఇవ్వలేదు. చొక్కా చేతులు తడిసి కర్రల్లా బిగుసుకుపోయాయి. చివరికి గొట్టంలోంచి వట్టి గాలి వచ్చేదాకా వదల్లేదు. తర్వాత నిచ్చెనెక్కి బేసిను మళ్ళీ బోర్లించి తీగ కట్టాడు. అదే సమయానికి మసీదునుంచి జనం బయటికొస్తున్నారు. ఊరి పెద్దమనిషి తన సొంత తమ్ముడి చిమ్నీకి తన చేతులతో మూత పెట్టడం అందరూ చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం లేక కాదు, మరీ ఎక్కువ వార్త ఒక్కసారే దొరికితే మా ఊరికి నోరు పెగలదు.

మర్నాటికి పెగిలింది. పొగ సంగతి పాతబడిపోయింది, కోడలు బావగారిని పేరు పెట్టి పిలిచిందట అన్నది కొత్త వార్త. ఎవరు చెప్పారో నాకు తెలీదు. నా కొట్లో అయిదారుగురికి చెప్పానంతే. సాలియ్‌కా పెద్దమ్మ అగ్గిమీద గుగ్గిలమైపోయింది. ఇక దాన్ని గడప తొక్కనివ్వనంది. వెనక గదిలోకి కూడానా అని అడిగాను. నాతో మాట్లాడ్డం మానేసింది. పెదనాన్న మాత్రం ఆ మాటలు తన చెవిటితనానికి వదిలేశాడు.

ఆ తర్వాతి గురువారం పొద్దువాలుతుంటే కొట్టు మూస్తున్నాను. ఆయన వదిన ఇంటి గేటు ముందు మంచులో నిలబడి ఉన్నాడు. చేతిలో మూకుడు లేదు, అగ్గిపెట్టె లేదు. దగ్గరికి వెళ్ళాను.

"జూరాకి ఫోను చెయ్యి" అన్నాడు. "అక్కడ వేయించిందేమో అడుగు."

చేశాను. వేయిస్తోందట, కాలీమాన్ గ్యాసు పొయ్యిమీద. నూనె చిటపట కూడా వినిపించింది. ఆయన చెవిలో ఆ సంగతి అరిచాను. తలూపాడు.

తర్వాత మూసిన గుమ్మంకేసి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఇక్కడ కాదురా జుమాదిల్. ఇల్లు బాగానే ఉంది, ఏం కాలేదు. చలికాలం కదా, మూసి ఉంచాం. నువ్వు బిష్కెక్ వెళ్ళు. నీ మరదలు కాలీమాన్ ఇంటికి. స్టేషను వెనక, అయిదో అంతస్తు." అంతటితో సరిపోతుందనుకున్నాడు. కానీ కదల్లేదు. ఏదో గుర్తొచ్చినట్టు నాకేసి తిరిగాడు.

"అమ్మాయ్, ఆ ఇంటికి లిఫ్టుందా? వాడికి మోకాళ్ళు బాగోవు."